ఫాయా గుట్టకు కంచె

నాకిచ్చిన పని కంచె పాతుడు.
షార్జా ఇసుకల, మ్లీహా దాటినంక,
మూడు మీటర్లకొక ఇనుప గుంజ.
మొదటి గుంతకే గడ్డపార ఖంగుమన్నది,
సున్నపు రాయి పగిలి
గుల్ల ఒకటి బయటవడ్డది, బొటనవేలంత.
సముద్రం ఈడికి గంట తొవ్వ.

తవ్వకాల మేడం దాన్ని అరచేతిల తిప్పి
"సాత్ కరోడ్ సాల్" అన్నది.
లాటరీ పైసలు చెప్తున్నదనుకున్న.
కాదట. ఏడు కోట్ల ఏండ్ల కింద
ఈ గుట్ట నీళ్లడుగున మెత్తటి సున్నం,
గుల్లలు చచ్చి చచ్చి పేరుకున్నది.
దాని కిందున్న నల్లరాయి ఇంకా ముసలిది,
అది సముద్రాన్ని మోసిన నేలనేనట.
నా వీసా రెండేండ్లు.
ఉన్నకాడనే పెట్టుమని
గుల్ల నా చేతికే ఇచ్చింది.

గుట్టకు ఈశాన్యం మూల రాతి చూరొకటున్నది.
లక్షేండ్లకు పైన, దాని నీడల కూసోని
రాయితోని రాయి చెక్కుకున్నరట ఎవరో.
ఆ పెచ్చు చూసిన నేను. దెబ్బ ఏడ వడ్డదో తెలుస్తది.
కుడిచేతి వాటమోడు. తొందరలేనోడు.
మేడం నా మొఖం చూసింది:
నీకెట్ల తెలుసు?
వడ్డెరోణ్ని మేడం.

ముసబ్బహ్ ముసలాయనకు ఈ లెక్కలు పట్టవు.
ఆ చూరు కింద వాళ్ల నాయనమ్మ
వాన రాత్రి మేకను ఈనిపిచ్చిందట,
రెండు పిల్లలు, ఒకటి నల్లది.
గుట్ట చరిత్ర అడిగితె అదే చెప్తడు, ప్రతిసారి.
గుంజ మీద చెయ్యేసి
"మేకలెట్ల పోవాలె?" అని నన్నడుగుతడు,
గీత నేనే గీసినట్టు.

నా పేరు లింబాద్రి. పేరులనే గుట్ట ఉన్నది.
మా ఊరెనుక రాయి వయసు
మేడం ఫోన్ల ఎతికి చెప్పింది:
రెండు వందల యాభై కోట్ల ఏండ్లు.
ఫాయాకు తాతల తాత.
ఫోటో చూపియ్యి అన్నది.
ఉన్నది ఒక్కటే ఫోటో,
ఎర్ర రంగుతోని నంబర్లేసిన బండలు
లారీ మీదికెక్కుతున్నయి.
మొదటి బెజ్జం కొట్టింది నేనే,
పంతొమ్మిదేండ్లప్పుడు, రోజుకు మూడు వందలకు.
ఆ ముచ్చట హిందీల చెప్పరాలే.

క్యాంపు వంటింట్ల గట్టు
గోధుమ రంగు, నల్ల చుక్కలు.
ఉల్లిగడ్డ కోసేటోళ్లకెవ్వరికి చెప్పలే
అది మా దిక్కు రాయని.

ఆఖరి గుంజ పాతి, తీగె బిగిచ్చి,
తాళమేసి చెవి ఇచ్చేసినంక చూస్తె
నా సద్ది డబ్బ లోపలనే ఉన్నది, చూరు నీడల.
గుల్ల అండ్లనే దాచిన.
ముసబ్బహ్ నవ్విండు, పండ్లు లేవు.
మేకొకటి తీగె కింద
దూరే జాగ ఎతుకుతున్నది.