పలికితేనే పలక

నాలుగు రోజులకని ఇచ్చాడు చెన్నకేశవులు.
వాడి చూడు, ఆ తర్వాతే డబ్బు తియ్యి, అన్నాడు.
విడదీస్తే పలక, తగిలిస్తే కంప్యూటర్.
కీబోర్డుతో కలిపినా కిలో తూగదు.
నా పాత ల్యాప్‌టాప్ రెండున్నర కిలోలు,
ఛార్జరు అనే ఇటుక కాకుండా.

ఒంగోలు నుంచి వస్తూ, పొదిలి దాటాక
బస్సులో జీఎస్టీ లెక్క తెరిచాను.
వెనక ఒంటికాలు చాపుకుని నిలబడే వస్తువది.
బల్ల ఉంటే మర్యాదస్తురాలు,
ఒళ్లో మాత్రం పిల్లి.
కొనకనమిట్ల దగ్గర గతుకుకి
చుడీదార్ గుడ్డ మీంచి జారి దూకింది.
పక్క సీటు పెద్దాయన ఒడిసి పట్టుకుని
"పగల్లేదులే అమ్మాయ్" అని
కోడిగుడ్డులా అందించాడు.

గనిలో మాత్రం నిజం చెప్పాలి.
కీబోర్డు పీకి సంచిలో పడేసి
రాతి పొరల మధ్య నిలబడే
ఎడంచేత్తో పట్టుకుని, పెన్నుతో
ఏ లాటు ఎన్ని చదరపు అడుగులో రాసుకుంటూ పోయాను.
మేస్త్రీ మస్తాన్‌వలి సంతకం కూడా దాని మీదే పెట్టాడు,
పెట్టాక వేలు నాలిక్కి తడుపుకుని
సిరా అంటిందేమో చూసుకున్నాడు.
పాతదాన్ని ఇక్కడికి తెచ్చిన పాపానికి
ఈ బూడిదరంగు దుమ్ము 'ఆరు' మీటను తినేసింది.
రెండేళ్లుగా ఆరు కావాలంటే
ఐదుకి ఒకటి కూడమని అడుగుతున్నాను.

నెలాఖరు రాత్రి. నూట నలభై ఇన్‌వాయిసులు.
అంకెల మీటలు కుడిపక్కన విడిగా లేవు.
చీకట్లో, లేని మెట్టు మీద కాలేసినట్టు
ప్రతిసారీ చెయ్యి తూలింది.
ఉన్న కంత ఒక్కటి:
మౌస్ పెడితే పెన్‌డ్రైవ్ బయట,
పెన్‌డ్రైవ్ పెడితే మౌస్ బయట.
పదకొండింటికి పాతదాన్నే తెరిచాను.
మూత కిర్రుమంది. ఫ్యాను పిండిమరలా లేచింది.
ఒళ్లో వెచ్చగా, కదలకుండా, బరువుగా,
తెల్లారేదాకా.

అమ్మ ముప్పై ఏళ్లు మార్కాపురం ఫ్యాక్టరీలో
పలకలకి చట్రాలు బిగించింది.
చేతులు కొంగుకి తుడుచుకుని దాన్ని అందుకుని
వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, చెవి ఆనించింది.
కంగుమంటే మంచిది. డొల్లుగా వస్తే లోపల చీలిక.
"మోగదేం?"
అది రాయి కాదమ్మా.
"పలకన్నావుగా. పలికితేనే పలక."
కాసేపాగి, "రాసింది చెరిపితే పోయిద్దా?"
పోదు, ఎక్కడో ఒకచోట ఉంటుంది.
"అయితే పలకెట్టయిద్దే, పద్దుపుస్తకం" అని
తిరిగి ఇచ్చేసింది.

ఏం తేల్చావు, అన్నాడు చెన్నకేశవులు.
గనికి అదీ, నెలాఖరుకి ఇదీ అన్నాను.
రెండిటికీ డబ్బుందా, అన్నాడు.
రిపేరు షాపులో 'ఆరు' మీటకి
రెండొందల యాభై తీసుకున్నారు.
కొత్తది తెల్లగా, మెత్తగా ఉంది.
ఇంకా ఐదుకి ఒకటి కూడుతూనే ఉన్నాను, అలవాటు.

ఇంటికొచ్చి, అమ్మ చూడకుండా
పాతదాని మూత మీద
వేలి కణుపుతో ఒక్కటి కొట్టాను.

డొల్లుగా పలికింది.