ఎర్ర గీత

రెండో షిఫ్టు వదిలాక
నా కౌంటరు మీద మోచేతులాన్చి దగ్గేవారు.
కనుబొమల మీద గోగునార దుమ్ము అంటుకునే ఉండేది.
"దగ్గూ జలుబూ, ఏదో ఒకటి ఇచ్చీ బాబూ,
రేపు నాగా పడితే కూలి పోద్ది."
ఏదో ఒకటి ఇచ్చేవాణ్ణి.

నెల్లిమర్లలో ఇరవై రెండేళ్ళు.
అట్ట వెనక నిలువునా ఎర్ర గీత ఉంటుంది,
చీటీ లేకుండా అమ్మొద్దని.
నా కత్తెర దానికి అడ్డంగానే నడిచేది.
ఒకరికి మూడు బిళ్ళలు, ఒకరికి రెండు,
చిల్లర లేకపోతే ఇంకొకటి.
చీటీ ఉన్నా అందులో అవే.
రాయకపోతే మనిషి ఎదుటి వీధికి పోతాడని
డాక్టరు గారి భయం.
నాదీ అదే.

జలుబు దాని దారిన అది అయిదో నాటికి పోయేది,
పేరు నా బిళ్ళకి వచ్చేది.
"నీ చెయ్యి మంచిది బాబూ" అని
స్పిన్నింగు తవిటమ్మ ఓ వేసవిలో
తాటాకు దొన్నెలో ముంజెలు తెచ్చింది.
బాకీ పుస్తకంలో ఇప్పటికీ ఉంది,
ఒక్క చలికాలంలో ఆమె పేరు ఏడుసార్లు.

మొన్న శ్రావణంలో నడుం పట్టుకుని వచ్చింది.
వణుకు, జ్వరం, ఒంటేలుకి మంట.
నా అరల్లోవన్నీ అయ్యాయి. దిగలేదు.
విజయనగరం పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు.
పరీక్ష కాగితం కొడుకు దాలినాయుడు
నా దగ్గరికే పట్టుకొచ్చాడు, చదివి చెప్పమని.

వరసగా మందుల పేర్లు,
ఇంచుమించు నా అరలు సర్దిన వరసలోనే.
ప్రతి పేరు పక్కనా ఒకే ఇంగ్లీషు అక్షరం, ఆర్.
"అంటే పాసైనట్టేనా బాబూ?"

పురుగు పాసైందిరా.

అడుగున రెండే రెండు పేర్లకి వేరే అక్షరం.
అవి నా షాపులో దొరకవు.
పద్నాలుగు రోజులు నరంలోకి ఎక్కించారు.
దాలినాయుడు బండి అమ్మాడని తర్వాత తెలిసింది.

బతికింది. సగమై వచ్చింది.
నిన్న రాత్రి షట్టరు దించే వేళకి
మనవరాల్ని చంకనేసుకుని నిలబడింది.
పిల్ల ముక్కు కారుతోంది, బిస్కెట్టు నములుతోంది.
"దగ్గుతోంది, ఏదో ఒకటి ఇచ్చీ బాబూ."

మందు వద్దమ్మా, గోరువెచ్చటి నీళ్ళు పట్టు,
నాలుగు రోజులు చూడు,
ఆయాసపడితే, తిండి మానేస్తే
ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపో, అన్నాను.
కాసేపు నా మొహంలోకే చూసింది.
"మరి నాకు ఇచ్చినావు కాదేటి?"

ఎదుటి షాపులో లైటు ఇంకా వెలుగుతోంది.
కత్తెర ఎక్కడో పడిపోయినట్టు
కౌంటరు కిందకి వంగాను.