లోపల వదిలిన గుడ్డ

ఫహాహీల్‌లో ఈ పొద్దు దుమ్ము లేచింది.
అంగడి షట్టరు సగానికి దించి
ఉమ్ బదర్ పండగ దర్రాకు జరీ కుడతాండా.
మిషను పక్కన స్టూలు మీద కూచోని
ఫర్హానా రెండు ఉత్తరాలు
చదివినవే చదువుతాంది.

రెండూ రమ్మనే అంటాండాయి.
అదే వచ్చిన చిక్కు.
ఒకటి రావొద్దనుంటే
ఒక రాత్రి ఏడ్చి నిద్రపోయుండు,
నేను రెండోదానికి ఉన్ని కోటు కుట్టుకుంటా ఉందును.

నటన, పాట, ఆట మూడూ కలిపి ఒకటే చదువంట.
కువైట్‌కొచ్చి పంతొమ్మిదేండ్లాయె,
ఇట్లాంటిదానికి ఫీజు కట్టినోళ్ళను
మా బిల్డింగులో ఒకరినీ చూడలే.
కింది ఫ్లాటు కమలేశ్వరమ్మ మెట్ల మీద ఆపి అడిగింది:
"నర్సింగు సీటు రాలేదా పాపకు?"
అడిగుంటే వచ్చుండునేమో.
మేము అడగలా.

లండన్ కాలేజీలో ఎనభై మంది.
ఆఖరేడు పెద్ద కంపెనీలోళ్ళు వచ్చి చూసిపోతారంట.
ఫీజులో మూడోవంతు మాఫీ కూడా.
లీడ్స్‌లో పద్దెనిమిది మందే, మాఫీ లేదు,
మొదటేడంతా స్టేజీ ఎక్కనియ్యరంట.
నడిచేది, నిలబడేది, ఊపిరి తీసేది నేర్పుతారంట.

"ఊపిరి తీసేదానికి అన్ని వేల దినార్లా!"
మీనా అబ్దుల్లా డ్యూటీ నుంచి వచ్చిన మనిషి
బూట్లు కూడా విప్పకుండా అరిచినాడు.
అరిచి, తనే ఆగినాడు.

ఎందుకాగినాడో నాకు తెలుసు.
మా మామ నాదస్వరం బుడేసాబు.
శుక్రవారం నమాజు, శనివారం కోవెల ముందర తోడి.
చిట్వేలు చుట్టుపక్కల ఆయన రాకుండా
ముహూర్తం కదిలేది కాదంటారు.
కొడుక్కి మాత్రం మూడేండ్లు
చేను గట్ల మీద నడిపిస్తా ఊపిరి పట్టడమే నేర్పినాడు,
వాద్యం చేతికియ్యలే.
కొడుకు విసిగి వెల్డింగు నేర్చుకోని విమానమెక్కినాడు.
ఆ మాట మా ఇంట్లో ఎవురూ ఎత్తరు.

కంప్యూటర్‌లో పరీక్ష పెట్టిన పొద్దు
లండనాయన నవ్వినాడంట, చప్పట్లు కొట్టినాడంట.
లీడ్స్ ఆమె నవ్వలా.
"మోకాళ్ళు బిగదీసుకుంటాండావు,
గొంతు అక్కడే ఆగిపోతాంది," అన్నదంట.
పాప ఆ పొద్దు కూడు ముట్టలా.
నాకు మాత్రం ఆ ఆడమనిషి మీద గురి కుదిరింది.
కొలతలు తీసేటప్పుడు
నేనూ ఎవురినీ పొగడను.

"నువ్వు చెప్పుమా," అంటాది. గడువు ఈ రాత్రికే.
పదకొండేండ్ల నుంచి గోడ మీద లండన్ బొమ్మ అతికించుకున్న పిల్ల.
నేనేం చెప్పేది?
"బట్టలు కుట్టే గది యా కాలేజీలో ఉండాది?"
"రెండిట్లోనూ."
ఆ దోవా మూసుకుపోయింది.

"లెయ్ మే," అని టేపు తీసి ఎద చుట్టూ వేసినా.
ముప్పై రెండు.
"తియ్ ఊపిరి." ముప్పై నాలుగున్నర.
"ఇంకా." టేపు వేళ్ళలోంచి జారింది.
నాకు తెలిసింది కుట్టు ఒక్కటే పాపా.
లోపల గుడ్డ వదలకుండా కుట్టినది
ఆ పండగ పొద్దు బలే ఉంటాది,
మరుసటేడు ఇప్పేదానికేముండదు.

అది చాలాసేపు మాట్లాడలా.
మిషను మీది జరీ పోగులు ఏరి ఒక్కోటి డబ్బాలో వేసింది.
"మొదటేడు నువ్వొచ్చి చూసేదానికేం ఉండదు మరి," అన్నది.
"రెండో ఏడు వస్తా. అంతలోకి అకామా మార్చుకుంటా."

వాళ్ళ నాయన కార్డు తీసిచ్చినాడు.
ఫోనుకొచ్చిన నంబరు అద్దాలు లేక చదవలేక
దానికే అందించినాడు.
తెర మీద గుండ్రం తిరగబట్టింది,
తిరుగుతానే ఉండాది, బయట దుమ్ముకు నెట్టు సరిగా లేదు.
ఆయన ఊపిరి బిగబట్టుకోని నిలబడినాడు,
భుజం కదలకుండా, పెదవి బిగియకుండా,
ఎంతసేపో.

బుడేసాబు చూసుంటే
వాద్యం చేతికిచ్చుండు.