జమాఖర్చుల పుస్తకంలో ఒక ఊరు

డండీలో వాన నిలువుగా పడదు.
టే నది మీంచి అడ్డంగా వచ్చి
లైబ్రరీ నేలమాళిగ కిటికీని గోకుతుంది.

నా పని దుమ్ము దులపడం, నంబరు వేయడం,
పెట్టెలో పెట్టి మరిచిపోవడం.
ఇవాళ చేతికొచ్చింది ఒక జమాఖర్చుల పుస్తకం.
గోనెగుడ్డ అట్ట.
తిమింగలం నూనె వాసన
నూట ముప్పై ఏళ్లయినా వదల్లేదు.
ఎడమ పేజీల్లో బేళ్ల లెక్క,
కుడి పేజీల్లో, పెన్సిలుతో, ఒక ఊరు.

రాసింది యూఫీమియా రాట్రే.
నేతపని. వయసు ఇరవై ఆరు.

ఆ ఊళ్లో మొదటి చట్టం:
ఎవరూ అరవనక్కర్లేదు.
మగ్గాలు పిల్లుల్లా నడుస్తాయి.
వెయ్యి మగ్గాల మధ్య చెవులు పోగొట్టుకుని
పెదాల మీద మాటలు ఏరుకున్న మనిషి
స్వర్గాన్ని ఇంకెలా మొదలుపెడుతుంది?

వీధికొక వంటిల్లు.
వంతు ఎగ్గొట్టినవాడికి మర్నాడు అంట్లన్నీ.
పెళ్లిని ఏడాదికోసారి మళ్లీ అడగాలి,
పుస్తకం గడువు పొడిగించమన్నట్టు.
న్యాయాధిపతి కుర్చీ పక్కన ఉయ్యాల,
తీర్పు మధ్యలో పాలకేడిస్తే
వాయిదా.

ఇక్కడ నవ్వొచ్చింది నాకు.
నీ ఊరు అప్పటికే తిరగబడ్డ ఊరు కదా, ఎఫీ!
చవగ్గా వస్తారని మిల్లు ఆడవాళ్లనే పిలిచింది,
పని దొరకని మగవాళ్లు ఇంట్లో
కెటిల్ కాస్తూ కూర్చున్నారు.
అయినా మేస్త్రీ మగవాడే.
శనివారం జీతం గుమ్మం దాటగానే చెయ్యి మారేది.
బోర్లించిన గిన్నెలోనూ
అదే చీకటి.

అందుకే కాబోలు
నువ్వు గిన్నెనే మార్చాలనుకున్నావు.

తర్వాత ముప్పై ఏడో పేజీ.
ఒక్క వాక్యం:
నార వెచ్చటి దేశాల నుంచి వస్తుంది, దానంతటదే.

దానంతటదే.

నెల్లిమర్ల దగ్గర గెడ్డలో
మొలలోతు మురుగునీట నిలబడి
గోగునార ఒలిచేది మా అమ్మమ్మ అప్పలనరసమ్మ.
ఆ నార నీ మిల్లుకు రాలేదు, నీ కాలమూ కాదు.
తెలుసు. అయినా పేజీ తిప్పలేకపోయాను.
చీకటి పడ్డాక గట్టెక్కి
పిక్కల మీద ఉప్పు రాసుకుంటూ అనేది:
"జలగల్లేని గెడ్డుంటే సెప్పే, అక్కడికే పోదుం."

ఆమె రాసుకున్న కొత్త లోకం అంతే.
రాసుకున్న అన్నాను, ఆమెకు సంతకమూ రాదు.

మొన్న ప్రింటర్ మీద
కాలమ్ మరిచిపోయిన జీతం కాగితం చూశాను.
ఒకే బల్ల, ఒకే ఏడు చేరాం, ఒకే దుమ్ము.
ఏడాదికి తొమ్మిది వందల పౌండ్ల తేడా.
మంచివాడు, టీ కూడా తనే పెడతాడు.
ఎడమ పేజీ లెక్క
ఇంకా తేలలేదు ఎఫీ.

పాత పుస్తకాల మీద ఏమీ రాయకూడదు.
గుర్తుకోసం కాగితం ముక్క పెట్టొచ్చు,
పచ్చబడని రకం, తెల్లటిది.
ముప్పై ఏడుకీ ముప్పై ఎనిమిదికీ మధ్య
ఒకటి పెట్టాను.

దాని మీద జలగల సంగతి ఉంది,
మా యాసలోనే.
ఇంకో నూట ముప్పై ఏళ్లకి
ఎవరో ఒకత్తె
చదవకపోతుందా.