అణా కానీ

బర్మా బజారుకి ఎదురుగా, సముద్రం వైపు కిటికీలు
ఎప్పుడో మేకులు కొట్టి మూసేసిన రెండో అంతస్తు.
మా బ్యాంకు పాత రికార్డులన్నీ అక్కడే.
నూరేళ్ల సంచికకి నాలుగు పేజీలు రాయమన్నారు నన్ను,
"యుద్ధానికి వెళ్లిన మన ఉద్యోగులు. ఫోటోలుంటే మంచిది."
రిటైరైనదాన్ని కదా, ఖాళీగా ఉంటానని.

కింద హాల్లో ఇత్తడి పలక మీద ఆరు పేర్లు,
ఆరింటికీ ముందు పొడి అక్షరాలు.
హాజరు పుస్తకంలో మాత్రం వెళ్లినవాళ్లు ఏడుగురు.
ఏడోవాడు మాసిలామణి, బంట్రోతు,
గాయపడ్డవాళ్లని మోయడానికి వెళ్లాడు.
ఇత్తడి చాల్లేదేమో.

ఫోటోలు లేవు. సంతకాల కార్డులున్నాయి.
డిక్రూజ్ సంతకం ఈల వేసుకుంటూ పోతుంది.
రాఘవాచారిది మఠం వేసుకుని కూర్చుంటుంది.
తాటిపర్తి వెంగళయ్యది తెలుగులో ఉంది.
ఇంగ్లీషులో పెట్టమని మేనేజరు ఎర్రసిరాతో రాశాడు,
దాని కింద మళ్లీ తెలుగులోనే పెట్టాడు.
అప్పట్నుంచీ మిగతావాళ్లని కొంచెం చిన్నచూపు చూశాను,
ఒప్పుకుంటాను.

వెంగళయ్య. లెడ్జరు గుమాస్తా. నెల్లూరు వైపు మనిషి.
జీతం నలభై రెండు.
నలభై ఒకటి సెప్టెంబరులో మలయా వెళ్లాడు,
సైన్యం వాళ్ల జీతాల లెక్కలు రాయడానికి.
తుపాకీ ఇచ్చారో లేదో ఏ కాగితమూ చెప్పదు.
రెండు పాళీలు పట్టుకెళ్లినట్టు స్టేషనరీ పుస్తకంలో ఉంది.

రాయపురంలో ఆయన కూతురు దొరికింది. ఎనభై ఏడేళ్లు.
"మొహం గుర్తులేదమ్మా. మా అమ్మ చెప్పేది,
కూరలవాడు కానీ ఎక్కువిచ్చాడని
ఇంటిదాకా వచ్చినవాడు మళ్లీ కొత్వాల్ చావడికి నడిచాడట.
చెప్పుల అరుగుదల ఎవరిస్తారని అమ్మ తిట్టిందట."
మనవడు ఫోన్లోంచి తలెత్తి
"ఆ ఖాతాలో ఏమన్నా మిగిలుందా ఆంటీ?" అన్నాడు.

ఉంది.
ఆయన ఖాతాలో కాదు, ఆయన రాసిన లెడ్జరులో.
చివరి పేజీ అడుగున, తేడా: ఒక అణా, ఒక కానీ.
పక్కన పెన్సిలుతో,
"వచ్చి చూస్తాను. వెం."

ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయింది.
ఏప్రిల్లో మద్రాసు సగం ఖాళీ.
లెడ్జర్లని గోనెల్లో కుట్టి మదనపల్లె రైలెక్కించారు.
అక్కడ, చింతపండు గోదాములో కూర్చుని
ఎవరో ఆ అణా కానీని కొత్త పేజీలోకి తెచ్చారు.
జూన్ ముగింపుకి. డిసెంబరు ముగింపుకి.
రాగి కరువొచ్చి కానీకే చిల్లు పెట్టిన ఏడు కూడా.
నలభై ఆరు నుంచి ఆ వరస రాఘవాచారిది.
ఆయన కార్డు మార్చారు,
కొత్త సంతకం ఎడమచేతిది.
యాభై ఏడులో నయాపైసలొచ్చాయి.
అణా కానీ ఎనిమిది నయాపైసలైంది,
గుణించి చూసుకున్న చిత్తుకాగితం ఇంకా ఆ పేజీలోనే ఉంది.
ఆ తర్వాతి పుస్తకాన్ని చెదలు తినేశాయి.

ముప్ఫై ఒక్కేళ్లు నేనూ ఆ పనే చేశాను.
ఒక మధ్యాహ్నం కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను.
పావుగంట పట్టలేదు.
తపాలా పుస్తకంలో ఉండి లెడ్జరులోకి ఎక్కని బిళ్ల ఒకటి,
కవరు మీదిది, అప్పటి ధర అణా కానీ.
వెంగళయ్యని పంపుతున్నామని
బ్యాంకు సైన్యానికి రాసిన ఉత్తరం అది.
మర్చిపోయాడో, వేయలేకపోయాడో.

ఎవరికైనా దొరికేదే.
పదహారేళ్లు, అంతమంది,
అంకె చూస్తే ఒళ్లు జలదరించేవాళ్లు.

పెన్సిలు తీశాను.
చెక్కుకున్నాను. మళ్లీ సంచిలో పెట్టేశాను.

సాయంత్రం మింట్ వీధిలో
ఇత్తడి మీద చెక్కే అతన్ని అడిగాను, అక్షరానికి ఎంతని.
"ముందు పొడి అక్షరాలేమైనా ఉన్నాయా?"
లేవన్నాను.
మా, సి, లా, మ, ణి,
వేళ్లు మడిచి లెక్కపెట్టి
ఐదుకే తీసుకుంటానన్నాడు.