వరుసలో పన్నెండోది

సొహార్ ఆఫీసులో
ఎవరి ప్రింటు వాళ్లు చెరిపేసుకునే వీల్లేకుండా
పోయిన ఆదివారం నేనే తాళం వేశాను.
"పంపాక పంపినట్టే" అన్నాడు మేనేజరు. తలూపాను.
తాళంచెవి మస్కట్‌కు పోయింది.

ఇవాళ స్టోర్‌కీపర్ లస్మన్న
చెప్పులు బయటే విడిచి వచ్చాడు.
పొద్దున కోపంలో రాజీనామా పంపిండట,
అన్నం తిన్నాక కోపం దిగిందట.
"ఒక్కటి తీసెయ్ తమ్మీ."

తెరమీద అతని పేరు పన్నెండోది,
ముందు మూడొందల పేజీల హాజరుపట్టీలు.
తీసేసే మీట బూడిదరంగులో,
నేను నొక్కినా పడదు.

మిషను నమిలి నమిలి ఉమ్ముతోంది.
తొమ్మిది. పది.
పదకొండో దాని నడుమ
కాగితాలైపోయి ఎర్రలైటు వెలిగింది.

కొత్త కట్ట నా కుర్చీ కిందే ఉంది.
దానిమీద కాళ్లు పెట్టుకుని
లస్మన్నకు చాయ్ పోశాను.