సుద్దపూత

కన్నముల్లా.
క్వీన్స్‌లాండ్‌లో ఈ ఊరి పేరు మొదటిసారి విన్నప్పుడు
నా తెలుగు చెవికి
కన్నమూ ముల్లూ విడివిడిగా వినబడ్డాయి.
వచ్చి చూస్తే రెండూ ఉన్నాయి,
ప్రతి పొదకీ ముల్లు, ప్రతి ట్యూబుకీ కన్నం.
నాకు పనికి లోటు లేదు.

మంగళవారం పొద్దున్నే మెర్ల్ హాగర్టీ
మేకల వెంట తిరిగే తన బగ్గీని
ట్రాక్టరుకి గొలుసుతో కట్టి ఈడ్చుకొచ్చింది.
డెబ్బై రెండేళ్ల మనిషి. పలకరింపుల్లేవు.
"అడుగున రాయి తగిలింది.
బట్టల సబ్బు కూరి ఇంటిదాకా తెచ్చాను."

కిందికి దూరి చూశాను.
గేరుపెట్టె పొట్టమీద జానెడు పగులు,
పగుల్లో పచ్చ సబ్బు, సబ్బులో ఎర్రమట్టి,
నూనె తేలిన గోంగూర పచ్చడిలా ఉంది.

విప్పడానికే ఒక పూట.
గేర్లన్నీ గుడ్డమీద వరసగా పేర్చాను.
ఒక్క పన్నూ ఊడలేదు,
నోరు మాత్రం తెరుచుకుంది.

పోత అల్యూమినియం తాగుబోతులాంటిది.
పైన ఎంత తుడిచినా లోపల తాగింది దాచుకుంటుంది.
సెగ చూపిస్తేనే ఒప్పుకుంటుంది
చెమటచెమటగా, నల్లగా, ఏళ్లనాటి నూనె.
ఆటోనగర్‌లో మా మస్తాన్ మేస్త్రి అనేవాడు,
"కాల్చు, తుడువు. మళ్లీ కాల్చు, మళ్లీ తుడువు.
గుడ్డ తెల్లగా వచ్చేదాకా
నువ్వు వెల్డరువి కాదురా, అంట్లు తోమేవాడివి."

తోమాను.
పగులు రెండు కొసల్లోనూ చిన్న బెజ్జాలు వేశాను.
పగులుకి సూటిగా పోవడమే తెలుసు,
గుండ్రటిచోట దారి మరిచిపోతుంది.

అప్పుడు కనబడింది పాత అతుకు.
పావురం రెట్టల్లా ముద్దలు ముద్దలు.
పగులు దాన్ని ముట్టుకోలేదు,
అంచునే పుట్టి పక్కకి పాకింది.
"ఎవడో చేతకానివాడు" అన్నాను
ఇంగ్లీషులో నాకొచ్చినంత మర్యాదగా.

"ఎవడో కాదు, నేనే" అంది.
"వరదొచ్చిన ఏడు. రోడ్లు తెగి
ఆరువారాలు ఒక్క మనిషీ రాలేదు.
పుస్తకం చూసి కాల్చాను.
పదకొండేళ్లు నడిచింది."

గ్రైండరు ఆపాను.
అయినా తియ్యక తప్పదు, చెప్పాను.
"తియ్యి. దానిమీద నాకేం ప్రేమ లేదు."
రాయి తగిలి రవ్వలు రాని ఆ లోహం
ఊరికే కీచుమంటుంటే
ఆమె వెనక్కి తిరిగి మేకల్ని చూసింది.
అక్కడ మేకల్లేవు.

ఆమె సబ్బుముక్కతోనే
పెట్టెమీద ఒక గీత గీసి మంట పట్టాను.
గీత టీరంగై, నల్లనై,
ఇక చాలు, కాగింది.

అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు.
చెప్పాపెట్టకుండా జారిపోతుంది.
తీగ అందిస్తూ, చుక్క పక్కన చుక్క,
ముగ్గు పెట్టినట్టు మూడొంతులు వేశాను.
చివరి అంగుళం దగ్గర ఆగి
ముసుగు తీసి ఆమెకిచ్చాను.
ఎందుకని అడక్కండి.

"మోచెయ్యి ఆనించు. ఊపిరి వదులుతూ తీగ అందించు."
ఊపిరి వదల్లేదు ఆమె.
ఆ అంగుళం అయ్యేదాకా
షెడ్డులో ఎవరం వదల్లేదు.

రాత్రంతా వేడి ఇసుకలో పాతి ఉంచాను.
తొందరపడి చల్లారిస్తే మళ్లీ విచ్చుకుంటుంది.

మర్నాడు అతుకుమీద సుద్ద పూసి, ఆరనిచ్చి,
లోపల కిరసనాయిలు పోశాం.
బోర్లించిన డబ్బాలమీద ఎదురెదురుగా కూర్చున్నాం.
ఒక టీ అయింది. ఇంకో టీ.
మేకల ధర పడిపోయిందని చెప్పింది.
ఈగలు.
మనుషులమైతే ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాం,
సుద్దకి ఆ తెలివి లేదు.

మధ్యాహ్నానికి
తెల్లటి పూతమీద ఒక్క చెమ్మచుక్క,
నువ్వుగింజంత.
ఆమె అంగుళంలో కాదు.

మెర్ల్ ఏమీ అనలేదు.
లేచెళ్లి, ఆ సబ్బుముక్క తెచ్చి
నా అరచేతిలో పెట్టింది.